600 వీఏ యూపీఎస్, అసెంబుల్డ్ డెస్క్‌టాప్: శ్రీకాకుళం కరెంటుతో స్లీప్‌లో పెట్టొచ్చా?

పాలకొండ రోడ్డులో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, మధ్యలో ఎవరైనా వస్తే ఆన్‌లైన్ అప్లికేషన్లు. గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక ఆ అప్లికేషన్ల పని తగ్గింది గానీ, ముహూర్తాలున్నన్నాళ్ళూ కార్డులు ఊపిరాడనివ్వవు. పాత సిస్టమ్ మూలకి నెట్టి టౌన్‌లోనే ఒక షాపులో కొత్తది అసెంబుల్ చేయించాను. ఐ3 పన్నెండో తరం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్‌తో పాటే వచ్చే ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా), జతగా ఒక 600 వీఏ యూపీఎస్. షాపు పేరు, యూపీఎస్ కంపెనీ పేరు రాయను. ఇక్కడ చెప్పబోయే తంటా ఈ ధరలో దొరికే చాలా పెట్టెల్లో ఉంటుంది, ఆ షాపతను చేసిన పని చాలా షాపుల్లో చేస్తారు.

మెషీన్ గురించి రెండు ముక్కల్లో చెప్పాలంటే, బాగుంది. బటన్ నొక్కాక ఇరవై సెకన్లలోపు స్క్రీన్ మీదకి వచ్చేస్తుంది, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు, క్రోమ్‌లో పాతిక ట్యాబులు అన్నీ తెరిచినా నసగదు. ఫ్యాన్ సౌండు కొంచెం ఎక్కువే, కానీ మా రోడ్డులో బస్సుల హారన్ల ముందు అదెంత. ఈ రివ్యూ రాసేది దానికోసం కాదు. రాత్రి షట్టర్ దించేటప్పుడు దీన్ని ఆపేసి వెళ్ళాలా, స్లీప్‌లో పెట్టి వెళ్ళినా పర్వాలేదా అన్నదానికి సరైన జవాబు నాకు ఏ షాపులోనూ దొరకలేదు, అందుకని.

ఇంత తొందరగా బూట్ అవుతుంటే స్లీప్ దేనికి అంటారేమో. నా బాధ బూట్ టైమ్‌తో కాదు. రాత్రి పని ఆపేసరికి స్క్రీన్ మీద మూడు కార్డులు సగంలో ఉంటాయి. ఒకదాంట్లో పెళ్ళికూతురి తాతగారి పేరు ముందు కీ.శే. పెట్టాలా వద్దా అన్నది వాళ్ళ పెదనాన్నని అడిగి పొద్దున్న చెప్తామంటారు, ఇంకోదాంట్లో వినాయకుడి బొమ్మ మార్చాలి, వాట్సాప్ వెబ్‌లో ఇంకెవరికో ప్రూఫు పంపి జవాబు కోసం చూస్తూ ఉంటాం. అవన్నీ మూసేసి, పొద్దున్న మళ్ళీ ఏ ఫోల్డర్‌లో ఏ ఫైలు, వాటిలో చివరగా మార్చింది ఏది అని వెతుక్కుంటూ కూర్చోవడమే చిరాకు. స్లీప్‌లో అయితే మౌస్ కదిపితే చాలు, ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది.

డెలివరీ రోజున ఇదే అడిగితే షాపతను తలెత్తకుండానే “అలగొగ్గీసి ఎలిపోకు బావూ, రేత్రి కరెంటు పోనాదంటే పొద్దున్న మళ్ళీ నా కాడికే వొస్తావు” అన్నాడు. మరి యూపీఎస్ అమ్మావు కదయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి అర్థం తర్వాత తెలిసింది.

ముందు స్లీప్ అంటే లోపల జరిగేదేమిటో చెప్తాను. డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్ళినప్పుడు ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి, ఒక్క ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతూ ఉంటుంది. మనం తెరిచిన ఫైళ్ళన్నీ ఆ ర్యామ్‌లోనే ఉంటాయి. మొత్తానికి రెండు మూడు వాట్లకి మించి తాగదు. కానీ ఆ రెండు వాట్లు ఒక్క సెకను అందకపోయినా ర్యామ్ ఖాళీ, పొద్దున్న కొత్తగా బూట్ అవుతుంది, సేవ్ చెయ్యనిది పోయినట్టే. ల్యాప్‌టాప్‌కి లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్సే దిక్కు.

కాగితం మీద లెక్క చూస్తే యూపీఎస్ బ్రహ్మాండంగా కాయాలి. లోపల ఉండేది 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్లు. మూడు వాట్ల లోడుకి ఒక రోజు దాటి రావాలి. నేను పనిలో ఉన్నప్పుడు కరెంటు పోతే మానిటర్‌తో సహా పదిహేను నిమిషాలకి తక్కువ కాకుండా ఇస్తోంది కూడా, సేవ్ చేసుకుని ఆపేయడానికి అది ధారాళంగా సరిపోతుంది. ఆ విషయంలో దానికి వంక పెట్టను. తంటా రాత్రిపూట. సిస్టమ్ నిద్రలో ఉండగా కరెంటు పోయింది, గట్టిగా గంట కూడా కాదు, పక్క మెడికల్ షాపాయన చెప్పాడు. పొద్దున్న నేను వచ్చేసరికి యూపీఎస్ లైటే లేదు, బటన్ నొక్కి లేపాల్సి వచ్చింది. బ్యాటరీ చూస్తే నిండుగానే ఉంది! తెరిచి ఉంచినవన్నీ పోయాయి, కోరల్ బ్యాకప్ పుణ్యాన ఒక కార్డు సగం దక్కింది.

అట్టపెట్టె తీసి చదివితే పక్కన చిన్న అక్షరాల్లో, గొప్పగా చెప్పుకునే ఫీచర్ల వరసలోనే ఉంది: నో లోడ్ షట్‌డౌన్. అంటే బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు అవతల లోడు లేదనిపిస్తే కాసేపటికి యూపీఎస్ తనంతట తానే ఆగిపోతుంది, బ్యాటరీ వృథా కాకుండా. ఉద్దేశం మంచిదే. కానీ ఈ 600 వీఏ పెట్టె 360 వాట్లకి తయారైంది, దానికి రెండు మూడు వాట్లు కనపడవు, నిద్రపోయే కంప్యూటర్ దాని లెక్కలో అసలు లేనట్టే. తర్వాత పగలే స్లీప్‌లో పెట్టి గోడ ప్లగ్గు పీకి ఎదురుగా కూర్చుని చూశాను. కీచుకీచుమని అరుస్తూ, కొన్ని నిమిషాలకి టక్కుమని రిలే సౌండు చేసి ఆగిపోయింది. అన్ని యూపీఎస్‌లూ ఇలా చెయ్యవు. మీది చేస్తుందో లేదో తెలియాలంటే ఇదే పరీక్ష, అయితే ముందు అన్నీ సేవ్ చేసుకుని చెయ్యండి.

ఇక్కడితో తప్పంతా యూపీఎస్ మీద పెట్టేసేవాడినే గానీ, ఇంకో విషయం బయటపడింది. విండోస్‌లో హైబర్నేట్ అని ఒకటుంది. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి పూర్తిగా ఆగిపోతుంది, కరెంటు వారం రోజులు లేకపోయినా మళ్ళీ ఆన్ చేస్తే అదే స్క్రీన్ వస్తుంది. ఇది కాక హైబ్రిడ్ స్లీప్ అని ముఖ్యంగా డెస్క్‌టాప్‌ల కోసం పెట్టింది మరొకటి, డిస్కు మీద ఒక కాపీ రాసుకుని ఆ తర్వాత నిద్రపోతుంది, కరెంటు ఉంటే చటుక్కున లేస్తుంది, పోతే డిస్కు మీది కాపీ ఆదుకుంటుంది. నా సిస్టమ్‌లో రెండూ లేవు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఎ కొడితే మన మెషీన్‌లో ఏ రకం నిద్రలు పనిచేస్తాయో చూపిస్తుంది, హైబర్నేషన్ ఎనేబుల్ చెయ్యలేదని అక్కడ రాసి ఉంది. షాపుకెళ్ళి అడిగితే “సీ డ్రైవ్‌లో జాగా తినేస్తాదని అందరికీ తీసెస్తాం” అన్నాడు, ఏదో మేలు చేసినట్టు. తినే జాగా ఎంతంటే ర్యామ్‌లో 40 శాతం, నాకైతే సుమారు ఆరున్నర జీబీ. 512 జీబీ డిస్కులో ఆరున్నర! పాత 120 జీబీ ఎస్‌ఎస్‌డీల రోజుల్లో ఆ ముచ్చటకి అర్థం ఉండేది, ఇప్పుడు అలవాటు కొద్దీ చేస్తున్నారంతే. కొనేటప్పుడే చెప్పి ఉంటే ఒక మాట, చెప్పకుండా తీసేయడమే నాకు నచ్చనిది.

దాన్ని ఆన్ చెయ్యడానికి షాపు అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అదే పవర్‌సీఎఫ్‌జీ తర్వాత స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆన్ అని కొడితే అయిపోతుంది. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పవర్ బటన్ నొక్కితే హైబర్నేట్ అవ్వాలని పెట్టుకున్నాను. వర్చువలైజేషన్ (ఒకే మెషీన్ లోపల ఇంకో సిస్టమ్ నడిపే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న కొన్ని సిస్టమ్‌లలో హైబ్రిడ్ స్లీప్ దొరకదు, నాదీ ఆ రకమే, కాబట్టి నాకు హైబర్నేటే గతి. నష్టమేమీ లేదు, బూట్ అవ్వడానికి పట్టేంత టైమే పడుతుంది, లేచాక కార్డులన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. రోజూ అన్ని జీబీలు రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోదా అని మా బావమరిది భయపెట్టాడు. రోజుకి ఆరు జీబీ చొప్పున వేసుకున్నా సంవత్సరానికి రెండు టెరాబైట్ల (టెరాబైట్ అంటే వెయ్యి జీబీ) చిల్లర, 500 జీబీ తరగతి డిస్కులకి 300 టెరాబైట్ల దాకా హామీ ఇచ్చే కంపెనీలున్నాయి. ఆ డిస్కు అరిగేలోపు నేనే షాపు మా అబ్బాయికి అప్పజెప్పేస్తాను.

కరెంటు బిల్లు సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను, పెద్ద విషయం కాదు. రాత్రికి పద్నాలుగు గంటలు స్లీప్‌లో ఉంటే నెలకి ఒకటింబావు యూనిట్. షట్‌డౌన్ చేసినా మదర్‌బోర్డు అర వాటో, ఒక వాటో లాగుతూనే ఉంటుంది గనక తేడా ఒక యూనిట్‌కి అటూ ఇటూ ఉంటుందంతే. ఏదీ చెయ్యకుండా మానిటర్ మాత్రం ఆపేసి వెళ్తే, నలభై వాట్లనుకున్నా నెలకి పదహారు పదిహేడు యూనిట్లు, అది మాత్రం దండగ.

షట్‌డౌన్ అంటే నిజంగా షట్‌డౌన్ అనుకునేవాళ్ళకి ఒక మాట. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, హైబర్నేట్ ఆన్‌లో ఉంటే ఇదీ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మనం షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రామ్‌లు మూసేస్తుంది గానీ, విండోస్ తన సొంత భాగాన్ని డిస్కు మీద దాచుకుని పడుకుంటుంది. అందుకే రోజూ ఆపి ఆన్ చేస్తున్నా ప్రింటర్ మొండికేయడం లాంటివి పోవు, రీస్టార్ట్ కొడితే పోతాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ కింద అప్ టైమ్ చూడండి, రోజూ ఆపుతున్న సిస్టమ్‌కి కూడా రోజుల లెక్క కనిపిస్తుంది. పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. నేనైతే ఆదివారం షాపు కట్టేసేముందు ఒక రీస్టార్ట్ కొడతాను, హైబర్నేట్ వాడేవాళ్ళకి అది తప్పదు.

స్లీప్ మీద ఇంకో ఫిర్యాదు ఏమిటంటే దానంతట అది లేచిపోవడం. షట్టర్ సందులోంచి నీలం వెలుగు వస్తోందని మెడికల్ షాపాయన ఫోన్ చేసేవాడు. టేబుల్ కదిలితే మౌస్ లేపుతుంది, నెట్‌వర్క్ కార్డు లేపుతుంది, అప్‌డేట్ల కోసం టైమర్ లేపుతుంది. పవర్‌సీఎఫ్‌జీ తర్వాత స్లాష్ లాస్ట్‌వేక్ అని కొడితే చివరిసారి ఎవరు లేపారో చాలాసార్లు చెప్తుంది. మౌస్ అయితే డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి టిక్కు తీసేస్తే సరి. హైబర్నేట్‌కి మారాక నాకీ గోల పోయింది.

ఇక పిడుగులు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తుంది. ఆ పూట స్లీపూ లేదు, హైబర్నేటూ లేదు అనుకోనక్కర్లేదు, హైబర్నేట్ చేసి బోర్డు స్విచ్చి కాదు, ప్లగ్గే పీకేయండి, లోపల దాచుకున్నది డిస్కు మీద భద్రంగానే ఉంటుంది. ఈ ధరలో వచ్చే యూపీఎస్ పిడుగుని ఆపుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, అందులోనూ ఎర్తింగ్ సరిగా లేని అద్దె షాపుల్లో. ఫైబర్ నెట్ వైరులోని గాజు పోగు గుండా కరెంటు రాదు, కానీ రౌటర్ అడాప్టర్ గోడ ప్లగ్గులోనే కదా ఉండేది, అక్కడ్నించి లాన్ వైరు పట్టుకుని సిస్టమ్‌లోకి వస్తుంది. అదీ పీకాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం వైపు ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు ఏ యూపీఎస్ అయినా అలంకారమే.

అలాగని రోజూ ప్లగ్గు పీకే అలవాటు పెట్టుకోవద్దు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటుంటుంది, సీఆర్ 2032, గోడ నుంచి కరెంటు అందనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది నీరసిస్తే తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పితే గవర్నమెంటు సైట్లతో సహా ఏదీ తెరుచుకోదు, కనెక్షన్ సురక్షితం కాదని ఎర్రగా చూపిస్తుంది. జనం నెట్ పాడైందనుకుని నెట్ వాళ్ళకి ఫోన్లు చేస్తారు. సెల్లు ఖరీదు టీ, టిఫిన్ అంత.

మార్కులు అడిగితే డెస్క్‌టాప్‌కి ఐదుకి నాలుగున్నర. షాపుకి మూడు, ఎందుకంటే వస్తువులు అసలైనవే ఇచ్చాడు, బిల్లు కూడా ఇచ్చాడు, పిలిస్తే వస్తాడు, హైబర్నేట్ సంగతే దాచాడు. యూపీఎస్‌కి పగటి పనికి నాలుగు, రాత్రి కాపలాకి సున్నా. ఇప్పుడు కొనేవాళ్ళు ఇంకొంచెం ఎక్కువైనా వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉన్న మోడల్ దొరుకుతుందేమో అడగండి, దాన్ని విండోస్ ల్యాప్‌టాప్ బ్యాటరీలా గుర్తుపట్టి, పని మధ్యలో బ్యాటరీ అడుగంటితే తనే హైబర్నేట్ అవుతుంది. బ్యాటరీ వారంటీ, పెట్టె వారంటీ వేరువేరుగా రాయించుకోండి. రెండు మూడేళ్ళకి బ్యాటరీ ఎలాగూ పోతుంది, అప్పుడు కొత్త యూపీఎస్ కొనమంటారు, కొనకుండా పాత బ్యాటరీ పట్టుకుని బ్యాటరీల షాపుకెళ్తే అదే సైజుది వేసి పాతదానికి కొంత తగ్గిస్తారు.