ఆయిలర్ చేతిలో రెండు పెద్ద సంఖ్యలు

214,74,83,647 ఒకటి. 429,49,67,297 ఇంకొకటి. చూడ్డానికి రెండూ ఒకేలా మొండిగా ఉంటాయి. 2 యొక్క 31వ ఘాతంలోంచి 1 తీసేస్తే మొదటిది, 32వ ఘాతానికి 1 కలిపితే రెండోది.

రెండోది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే మరి! 1732లో మరో గణితవేత్త ఆయిలర్ ఆ రెండోదాన్ని 641 × 67,00,417గా విడగొట్టాడు. దాని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో ప్రయత్నానికే దొరికిపోతుంది.

మొదటిది అలా లొంగదు. 46,340 లోపు ఏ ప్రధాన సంఖ్యతోనూ తెగదని తేల్చాలి. 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ మిగిలేవాటిని చూస్తే చాలు కాబట్టి పని తగ్గుతుంది, అయినా బోలెడంత ఓపిక కావాలి. చూపు దాదాపు పోయిన ఆయిలర్ 1772లో అది ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. నాకు ఎక్కువ ఇష్టం ఇదే. 32 బిట్ల కంప్యూటర్ లెక్కల్లో ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టేచోట గరిష్ఠ విలువ కూడా ఇదే.