మార్టినీ-హెన్రీయా, త్రీ నాట్ త్రీయా? విశాఖలో పాత సైనిక రైఫిల్ సేకరించాలంటే ఏది మేలు?

పాత సైనిక రైఫిళ్ల మీద మోజు పడ్డవాళ్లు మన దగ్గర ఎక్కువగా రెండు పేర్ల మధ్య ఊగిసలాడతారు. ఒకటి విక్టోరియా రాణి కాలపు మార్టినీ-హెన్రీ. రెండోది పోలీసుల భుజాన అందరం చూసిన త్రీ నాట్ త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్.

మనసు లాగేది త్రీ నాట్ త్రీయే. మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి, తూటాను గొట్టంలోకి తోసే కడ్డీ, అంటే బోల్టు, చకచకా కదులుతుంది. పైగా వీటిలో చాలా వాటిని బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో మనవాళ్లే తయారు చేశారు. భుజానికి ఆనించే కర్ర భాగం (బట్) మొదట్లో ఉండే ఇనప పట్టీ మీద కిరీటం, జి.ఆర్.ఐ. అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం కొట్టి ఉంటాయి. చదవడం వస్తే అదే దాని జాతకం. 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన మార్టినీకి మ్యాగజైనే లేదు. ట్రిగ్గర్ కింది లీవర్ దించి, ఒక్కో తూటా పెట్టుకోవాలి. చూడటానికి మొరటుగా ఉంటుంది గానీ, నాకు అదే ముచ్చట.

అయితే ఈ పోటీని తేల్చేది చట్టం. .303, అంటే త్రీ నాట్ త్రీ, నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత), మామూలు లైసెన్స్ దానికి చెల్లదు. అచ్చం అలాగే ఉండే .410 పోలీసు మస్కెట్టూ నిషిద్ధమే. "ఇది ఒంటి తూటాదే కదండీ" అని ఎవరైనా అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయండి. మార్టినీ లాంటి వాటికి ఆయుధాల నియమాల్లో చారిత్రక ఆయుధాలు, క్యూరియోలు (అపురూపమైన పాత వస్తువులు) అనే వేరే వర్గం ఉంది. ఇక మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికి 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. 'మరమ్మతు చేసినా' అన్న మాట గుర్తుంచుకోండి. తూటాను పేల్చే సూది, అంటే ఫైరింగ్ పిన్, తీసేసినంత మాత్రాన సరిపోదు, మళ్లీ పెట్టొచ్చు కాబట్టి. డబ్బు చేతులు మారకముందే పోలీస్ కమిషనరేట్‌లో కనుక్కుని, ఆ మాట కాగితం మీద తీసుకోండి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ మీద ఒక్కరికి రెండు తుపాకులే. కాబట్టి పేలే రైఫిళ్లతో గోడ నింపే ఆశ వదులుకోవాల్సిందే.

నకిలీల బెడద మార్టినీకే ఎక్కువ. ఖైబర్ కనుమ ప్రాంతపు కమ్మరులు వీటిని చేత్తోనే దించేశారు. మార్టినీ మీద కొట్టిన ఎన్‌ఫీల్డ్ అనే ఫ్యాక్టరీ పేరులో స్పెల్లింగ్ తప్పినా, ఇంగ్లిష్ 'ఎన్' అక్షరం తిరగబడి ఉన్నా అనుమానించండి. అలాంటి నకలుకీ దాని చరిత్ర దానికుంది, కాకపోతే అసలైనదాని ధర పెట్టకూడదు.

మన ఉప్పుగాలికి రెండూ ఒకటే. లాసన్స్ బే వైపు ఉండేవాళ్లయితే తోలు సంచిలో అసలు దాచొద్దు, అది తేమ పట్టి ఉంచుతుంది. ఇనుముకి పల్చగా నూనె, కర్రకి అవిసె నూనె చాలు. మెరుపు కోసం గరుకు కాగితం పట్టించారా, ముద్రలు అరిగిపోతాయి, విలువా పోతుంది.

బోల్టు రైఫిల్ పట్టుకోవాలన్నదే సరదా అయితే, లైసెన్స్ దొరికే .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంది. లీ-ఎన్‌ఫీల్డ్ పోలికే గానీ, అది సైన్యం తుపాకీ కాదు.

నా ఓటు మార్టినీకి, అదీ పేలని స్థితిలో, కాగితాలతో సహా దొరికితేనే. త్రీ నాట్ త్రీని మ్యూజియంలో చూసుకుందాం.