‘తూ అండీ’ అనుకునే పుస్తకాల క్లబ్బు

చేరేటప్పుడు ఒక్కటే ప్రశ్న అడిగారు: “ఈ మధ్య సగంలో వదిలేసిన పుస్తకం ఏదండీ?”

చదివిన పుస్తకాల పేర్లు అడుగుతారేమోనని పదీ పన్నెండు చీటీ మీద రాసుకుని కూర్చున్నాను. ఆ చీటీ జేబులోనే ఉండిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చిందని చైనా రచయిత లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఇంగ్లీషు అనువాదం కొన్నాను, 140వ పేజీ దగ్గర ఫిజిక్సు మీద పడి ఊపిరాడక వదిలేశాను అన్నాను. “మాలో ఆరుగురు అక్కడే పడిపోయారు, రండి” అన్నారు అడ్మిన్ గారు. అలా ఈ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ క్లబ్బులో చేరి పద్నాలుగు నెలలైంది. ఎలా ఉంటుంది, మేమూ చేరొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి రాస్తున్నాను. క్లబ్బు పేరు మాత్రం రాయను. ఒకేసారి జనం వచ్చి మీద పడితే అడ్మిన్ గారికి బీపీ వస్తుంది.

ముందు నా సంగతి. అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో లెక్కలు రాస్తాను. పొద్దస్తమానం వెయ్యి కాయలకి ఇంత, కురిడీల్లో, అంటే చిప్పలోనే ఎండిన కొబ్బరి గుండుల్లో, గండేరా రకం ఇంత, గటగట రకం ఇంత, లోడు ఎప్పుడు బయల్దేరింది, డబ్బులు ఎప్పుడు పడతాయి, ఇదే గోల. దీని మధ్యలో డ్రాగన్ల గురించి మాట్లాడటానికి మనిషి దొరకడు. దొరకలేదని ఊరుకోలేదు కూడా. ఒకసారి కొట్టు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కదిపి చూశాను. “బాబాయ్, కాలంలో వెనక్కి వెళ్ళే మిషను ఉంటే ఎక్కడికి వెళ్తావ్?” అని అడిగితే ఆయన గ్లాసు కింద పెట్టకుండానే “96 తుపానుకి ముందు నెలకి. తోట అమ్మేసి వచ్చేస్తాను” అన్నాడు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో తోటలు పడుకున్న తీరు చూసినవాడు ఇంకేం చెబుతాడు? ఆ సమాధానంలో ఒక నవలకి సరిపడా సరుకుంది. కానీ చర్చ అక్కడితో సరి. అందరూ లేచి టీ డబ్బులు ఇచ్చేశారు.

క్లబ్బు పద్ధతి ఇదీ. రుసుము లేదు. నెలకో పుస్తకం, ఓట్లేసి ఎంచుకుంటారు. మొదటి ఆదివారం రాత్రి తొమ్మిదికి వీడియోలో కూర్చుంటాం. మిగతా నెలంతా ఫోన్లో గ్రూపు నడుస్తూనే ఉంటుంది. నలభై మంది దాకా ఉన్నారు, నోరు తెరిచేది పదిహేను మంది. కాకినాడలో రిటైరైన లెక్కల మాష్టారు, తణుకులో డాక్టరమ్మ, అనంతపురంలో లెక్చరర్ గారు, డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒకమ్మాయి, భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న రాజుగారు. రాజుగారిది అందరికంటే వేగం. రాత్రిళ్ళు చెరువు గట్టు మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి కాపలా కాస్తూ చదువుతారు. కరెంటు పోయి జనరేటర్ వేయాల్సి వస్తే “రొయ్యకి ఊపిరాడట్లేదు, వస్తా” అని మెసేజ్ పెట్టి మాయమవుతారు.

గుడ్‌మార్నింగు బొమ్మలు నిషేధం. రాజకీయం నిషేధం. సినిమా కబుర్లు శనివారం ఒక్కరోజే, అందువల్ల ప్రతి శనివారం 1991 నాటి ‘ఆదిత్య 369’ దగ్గరే మొదలై అక్కడే ముగుస్తాయి. కథ ముందే చెప్పేసేవాళ్ళ కోసం ఒక మంచి ఏర్పాటు ఉంది. మెసేజ్ మొదట్లో ‘ముసుగు 210’ అని పెట్టాలి. అంటే 210వ పేజీ దాటనివాళ్ళు ముసుగు తీయకూడదని. పద్నాలుగు నెలల్లో ఒకే ఒక్కరు ఈ కట్టు తప్పారు. అది నేనే. ఆ వారం నన్ను ‘పెళ్ళికూతురి ముసుగు ముందే లాగేసిన బావగారు’ అన్నారు.

ఇక అసలు సంగతి, కబుర్లు. నేను చేరిన రెండో నెల ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ పెట్టారు. 1965 నాటి నవల, అంతా ఇసుక గ్రహం. చెమటని కూడా వడగట్టి తాగే బట్టలు తొడుక్కుని బతుకుతారు అక్కడి జనం. నాకు విపరీతంగా నచ్చిందని రాశాను. అనంతపురం లెక్చరర్ గారు వెంటనే అందుకున్నారు: “మీ గోదావరోళ్ళకి ఈ పుస్తకం అర్థం కాదులెండి. మాకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. మీకు దాదాపు రెట్టింపు, దానికి తోడు ఇంటి ముందు కాలువ.” నిజమే అనిపించింది గానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. మా శివారు ఊళ్ళ సంగతి రాశాను. అంతర్వేది వైపు వెళ్ళి బోరు వేయండి, ఉప్పునీళ్ళు పడతాయి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకోకపోతే మళ్ళీ వదిలేదాకా బిందె పట్టుకుని తిరగాలి. చుట్టూ నీళ్ళే, గొంతులోకి చుక్క దిగదు.

అక్కణ్ణించి నాలుగు రోజులు నడిచింది. ఆ నవలలో కైన్స్ అని ఒక శాస్త్రవేత్త ఉంటాడు, ఎడారిని పచ్చగా చేయాలని వాళ్ళ నాన్న నాటినుంచీ కలగంటున్న మనిషి. ఆయన్ని చదువుతుంటే నాకు ధవళేశ్వరంలో కాటన్ దొర కనపడ్డాడని రాశాను. ఆనకట్టకి ముందు గోదావరి పక్కనే ఉండి కూడా ఈ జిల్లా కరువుకి చచ్చింది. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. కైన్స్ లెక్క ప్రకారం ఎడారి పచ్చబడాలంటే తరాలు పడుతుంది, మాకు ఐదేళ్ళలో అయిపోయింది అన్నాను. కొంచెం గొప్పగానే అన్నానని ఒప్పుకుంటున్నాను. లెక్చరర్ గారి జవాబు ఒక్క వాక్యం: “మీకు దొర దొరికాడు, మాకు నవల దొరికింది.” దాని మీద ఇరవై మంది దండాలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఇదే పుస్తకంలో ఒక ఘట్టం ఉంది. ఎడారి నాయకుడు ప్రభువు ముందు బల్ల మీద ఉమ్మేస్తాడు. ప్రభువు మనుషులు కత్తుల మీద చెయ్యేస్తారు. తీరా చూస్తే అది మర్యాద. నీళ్ళు కరువైన చోట ఒంట్లో తడిని సమర్పించడమంటే మాటలా? ఈ సంగతి చర్చకొచ్చిన మర్నాడు మాష్టారు ఎవరికో ఒక కథ లింకు పంపితే అవతలివాళ్ళు ‘తూ’ అని కృతజ్ఞత చెప్పారు. మాష్టారు పెద్దవారు కదా, ఉత్త ‘తూ’ బాగోదని డాక్టరమ్మ దాన్ని ‘తూ అండీ’ చేశారు. అంతే, అదే ఖాయమైపోయింది. ఇప్పటికీ ఈ క్లబ్బులో థాంక్సు అంటే ‘తూ అండీ’. మొన్న కొట్లో ఫోన్ చూసుకుంటూ మైమరిచి పైకే అనేశాను. ఎదురుగా సరుకు చూస్తున్న బేరగాడు కురిడీ కింద పెట్టి నా వంక చూసిన చూపు జన్మలో మర్చిపోను.

ఈ మాటలు పుస్తకాన్ని అంటిపెట్టుకునే ఉండవు, ఇంటిదాకా వస్తాయి. అర్సులా లెగ్విన్ 1968లో రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ పెట్టినప్పుడు చూడాలి. దీవుల లోకం, పడవ ప్రయాణాలు, లంకల్లో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. అందులో ప్రతి మనిషికీ ఒక అసలు పేరుంటుంది, అది తెలిసినవాడి చేతికి మనం చిక్కినట్టే. అందుకే దాచుకుంటారు, బయటికి వేరే పేరు. డాక్టరమ్మ అన్నారు: “మా అమ్మమ్మ తాతయ్య పేరు ఒక్కసారీ పలకలేదు. రేషను కార్డుకి భర్త పేరు అడిగితే గోడ మీద క్యాలెండరులో వెంకటేశ్వరస్వామిని చూపించింది.” మాష్టారి పెదనాన్న పేరు పెంటయ్యట. అంతకుముందు ఇద్దరు పిల్లలు దక్కకపోతే ఈయన్ని పుట్టగానే పెంట మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. చావు వెతుక్కుంటూ వచ్చినా ఆ పేరు విని అసహ్యించుకుని పోతుందని. ఆ రాత్రి మీటింగు పన్నెండున్నరకి గానీ వదల్లేదు. పుస్తకం గురించి మాట్లాడింది ముప్పావుగంట ఉంటుందేమో.

ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది, దాచడమెందుకు. పుస్తకాన్ని అధ్యాయాలవారీగా, వాక్యాలవారీగా విప్పి చూద్దామనుకునేవాళ్ళకి ఈ క్లబ్బు ఒంటికి పడదు. హైదరాబాదు నుంచి ఒకాయన చక్కగా నోట్సు రాసుకుని వచ్చేవారు. ఆయన రెండో పాయింటు దగ్గర ఉండగానే ఎవరో ఒకరు వాళ్ళ తాతగారి కథ మొదలుపెట్టేవారు. మూడు నెలలు చూసి మానేశారు. నాకు బాధేసింది, ఆయన నోట్సులో నిజంగా సరుకుండేది.

ఇంకో ఫిర్యాదు పుస్తకాల ఎంపిక మీద. ఏడాది మొత్తానికి మన దేశం నుంచి చదివింది బేగం రొకియా ‘సుల్తానాస్ డ్రీమ్’ ఒక్కటే. 1905లో మద్రాసు పత్రికలో అచ్చయిన చిన్న కథ. ఆడవాళ్ళు ఎండవేడితో వంట చేసుకుంటూ, గాల్లో ఎగిరే బండెక్కి తిరుగుతూ రాజ్యం నడిపిస్తుంటే మగాళ్ళు ఇంట్లో ఘోషాలో ఉంటారు. మా ఆవిడకి చదివి వినిపించాను. “ఈ క్లబ్బు మంచిదే” అంది. తెలుగు పుస్తకం మాత్రం ఒక్కటీ పెట్టలేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్ళు, రాకాసి లోయ, పాతాళదుర్గం, ఇవి ఫాంటసీ కాకపోతే మరేమిటి అని నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అందరూ అవునవునన్నారు, వాటికి చిత్రా అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు, వెళ్ళి ఇంగ్లీషు పుస్తకానికి ఓటేశారు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటు ఒకటి. ఆ ముక్కలు విడదీసి చదివేసరికి కళ్ళజోడు మార్చాల్సిన పనొచ్చింది. వీటికి ఒక స్టారు కోసి, ఐదుకి నాలుగు ఇస్తున్నాను.

పుస్తకాల ఖర్చు గురించి అడుగుతారు. నేను కొన్నవి నాలుగే. ఒక ఆన్‌లైన్ దుకాణం వాళ్ళు ఎర్త్‌సీ మొదటి భాగానికి బదులు మూడోది పంపి నన్నేడిపించారు. మిగతావి రాజుగారు ఆర్టీసీ పార్సిల్లో పంపుతారు, చదివి తిప్పి పంపాలి. ఉత్త చేతులతో పంపలేక పెట్టెలో నాలుగు కురిడీలు వేస్తుంటాను. ఎండిన కొబ్బరి గుండు చిప్పలోపల ఆడుతుంది కదా, పార్సిలు గుమస్తా ఊపి చూసి “పుస్తకం అన్నారు, గలగలమంటుందేంటండీ?” అన్నాడు.

పోయిన ఏడాది చివర్లో హెచ్.జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ చదివాం. 1898 నాటి నవల. అంగారకుడి మీంచి ఏదో వచ్చి పడితే జనం భయపడకపోగా తమాషా చూడ్డానికి పోగవుతారు. ఒక మిఠాయి కొట్టువాడైతే కొడుకుని తోపుడుబండి మీద యాపిల్ పళ్ళూ, సోడాలూ ఇచ్చి పంపుతాడు. ఇది నమ్మేట్టు లేదని ఎవరో అన్నారు. నేను సాధారణంగా పొడుగు మెసేజ్‌లు పెట్టను. ఆ రోజు పెట్టాను.

1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి బ్లో అవుట్ అయింది, అంటే గ్యాసు అదుపు తప్పి పైకి ఎగదన్నింది. మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. నాకప్పుడు 11 ఏళ్ళు. 65 రోజులు మండింది. ఆ హోరు చెవుల్లో ఎంతగా స్థిరపడిందంటే, ఆగిపోయిన రోజు చెవుడొచ్చిందేమో అనుకున్నాం. రాత్రి అనేది లేదు. పెరట్లో కొబ్బరాకుల నీడలు నేల మీద పడేవి, అర్ధరాత్రి, అవి కూడా కుదురుగా ఉండేవి కావు. ఆ ఏడు భోగిమంట వేస్తుంటే మా తాతయ్య “మనదెవడు చూస్తాడ్రా” అన్నాడు. ఎక్కడెక్కడినుంచో మనుషులు చూడ్డానికి వచ్చేవారు. వాళ్ళకి వేరుశనక్కాయలు అమ్మినవాళ్ళున్నారు, సోడా బండి పెట్టినవాళ్ళున్నారు. వెల్స్ అబద్ధం రాయలేదండి అని ముగించాను.

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత డల్లాస్ అమ్మాయి ఒక్క ప్రశ్న వేసింది: “అప్పుడు పక్షులు ఏం చేశాయండీ?”

ముప్పై ఏళ్ళలో ఎన్నోసార్లు చెప్పాను ఈ సంగతి. ఎంత ఎత్తు మండింది, ఎవరికేమైంది, ఎంత పరిహారం వచ్చింది, అన్నీ అడిగారు. ఇది ఎవరూ అడగలేదు, నాకూ తెలియదు. అమ్మకి ఫోన్ చేశాను. “కాకులకి తెల్లారడమేంటి, పొద్దుపోవడమేంటి, ఎప్పుడు పడితే అప్పుడు అరిచేవి. కోళ్ళు గూట్లోకి వెళ్ళేవి కావు. మీ నాయనమ్మ పాత చీర తెచ్చి గూడు మొత్తం కప్పేది, చీకటి చేస్తేగానీ పడుకునేవి కావు” అంది. అది అలాగే గ్రూపులో రాశాను. ఆ రోజు వచ్చినన్ని ‘తూ అండీ’లు క్లబ్బు పెట్టాక ఎవరికీ రాలేదని మాష్టారు లెక్క తేల్చారు. అమ్మకి చెబితే ముందు తిట్టింది, తర్వాత విషయం విని నవ్వింది.

ఈ నెల ఆదివారం మీటింగు మధ్యలో, మాష్టారు ఏదో గట్టి పాయింటు మీద ఉండగా, అమ్మ ఫోను. ఎత్తకపోతే మళ్ళీ చేసింది. మ్యూట్ చేశాననుకుని ఎత్తాను, చేయలేదు. పదిహేను మందికీ వినపడింది.

“ఒరే, రావిచెట్టు గబ్బిలాల సంగతి ఆ పిల్లకి చెప్పలేదు కదా. ఆ 65 రోజులూ ఒక్కటీ లేదురా చెట్టు మీద. రాసుకో.”