హనుమకొండలో ట్రేడ్‌మార్క్ పనికి ఈ లాయర్ మేడం: నాలుగు స్టార్లు

కారం, పచ్చళ్ల వ్యాపారం పెట్టి పేరు రిజిస్టర్ చేయించుకోవాలని తిరుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. హనుమకొండ కోర్టు వైపు చిన్న ఆఫీసు. మేడం ఇంతకుముందు ఢిల్లీలో చాలా ఏళ్లు కేంద్ర ప్రభుత్వం తరఫున వాణిజ్య ఒప్పందాలు, పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల పని చూసిన లాయర్, ఆ అనుభవం ఫైలు తెరవగానే తెలిసిపోతుంది.

మేం మొదట వేరే ఏజెంటుకు ఇచ్చాం. 'ఓరుగల్లు కారం' అని అప్లై చేసి డబ్బులు తీసుకున్నాడు, ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి అబ్జెక్షన్ రిపోర్టు రాగానే ఫోన్ ఎత్తడం మానేశాడు. మేడం ఆ రిపోర్టులో ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 (ఎలాంటి పేర్లకు రిజిస్ట్రేషన్ ఇవ్వరో చెప్పేది) మీద వేలు పెట్టి, "ఊరి పేరు, సరుకు పేరు కలిపితే అది మీ ఒక్కరిదెట్లా అవుతుందమ్మా, పక్క కొట్టాయన అమ్మేది కూడా ఓరుగల్లు కారమే కదా" అన్నారు. జవాబుకు నెల రోజులే గడువు. దాని మీద వాదించి పైసలు తగలేసే బదులు మా అత్తమ్మ పేరునే బ్రాండుగా పెట్టి కొత్తగా అప్లై చేయమన్నారు. సరుకు రకాన్ని బట్టి క్లాసులుంటాయట: కారం పొడి 30వ క్లాసు, పచ్చళ్లు 29వ క్లాసు. పాత ఏజెంటు ఒక్కదానికే వేశాడని అప్పుడు తెలిసింది. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు క్లాసుకు 4,500 ప్రభుత్వ ఫీజు, ఆ రసీదు మన చేతికే ఇస్తారు. తన ఫీజు ముందే కాగితం మీద రాసి ఇచ్చారు, తర్వాత రూపాయి పెరగలేదు.

మన వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, ప్యాకెట్ మీద ఆ గుర్తు వేసుకోవచ్చా అని అడిగా. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదట, ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదైనవాళ్లే ఆ గుర్తు వాడాలట. సర్టిఫికెట్ రాకముందే సున్నాలో ఆర్ గుర్తు (రిజిస్టర్ అయిందని చెప్పేది) వేస్తే చట్టరీత్యా తప్పని, అప్పటిదాకా టీఎం (ట్రేడ్‌మార్క్) అని వేసుకుంటే చాలని కూడా చెప్పారు. మా లేబుల్ డిజైన్ చేసినాయన ఆ ఆర్ గుర్తు అప్పటికే వేసేశాడు, ప్రింటింగ్ ఆపించాం.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఫోన్‌కు అస్సలు దొరకరు. పైగా గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికా పేటెంట్ ఇవ్వడం, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ కొట్లాడి 1997లో రద్దు చేయించడం, ఈ కథ మొదలుపెట్టారంటే బయట కుర్చీలన్నీ నిండిపోతాయి (కథ మాత్రం బాగుంటుంది, మాది నిజామాబాద్ వైపు, పసుపంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి). పొద్దున కోర్టులో ఉంటారు, సాయంత్రం వెళ్లండి. ఆధార్, లోగో, ఆ పేరుతో కొట్టిన పాత బిల్లులేమైనా ఉంటే అవీ పట్టుకెళ్లండి.