పాత డొక్కు పీసీలు, ఒక్క సర్వరు: ఎల్‌టీఎస్‌పీ ఏడాది వాడాక నా మాట

ముందే చెప్తున్నా, నేను లైనక్స్ పండితుణ్ణేమీ కాదు. తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ ఇంచార్జిని. అంటే ప్రింటర్లో పేపర్ ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, సీసీ కెమెరా ఆగిపోయినా నన్నే పిలుస్తారు, ఆ లెవెల్ అన్నమాట. మా ల్యాబులో 24 సిస్టమ్స్ ఉన్నాయి, సగం పైన డ్యూయల్ కోర్ కాలం నాటివి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఒకటో రెండో హార్డ్ డిస్కులు టకటకా కొట్టుకుని చచ్చేవి. దానికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఫ్రీ అప్‌డేట్లు ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ వాళ్ళు ముందే చెప్పేసారు, ఈ డబ్బాల మీద 11 ఎక్కదు, కొత్తవి కొందామండీ అని మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్తే ఉన్నవాటితోనే ఏదో ఒకటి చూడవయ్యా అని పంపించేసారు.

అసలు సంగతి ఎల్‌టీఎస్‌పీ, అంటే పీసీలన్నిటినీ ఒక్క సర్వర్ నుంచే బూట్ చేసే లైనక్స్ సాఫ్ట్‌వేర్. దానికి వెళ్ళేముందు అంతకుముందు జరిగిన కథ ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో సగం మందికి అదే పనికొస్తుందేమో. ల్యాబ్ కంటే ముందు ఆఫీసు రూముకి థిన్ క్లయింట్లు పెట్టించాం, అంటే పనంతా సర్వర్ చేస్తే బొమ్మ మాత్రం చూపించే చిన్న డబ్బాలు. ఒక వెండర్ వచ్చి, ఒక సర్వరు, దానిమీద విండోస్ సర్వర్, టేబుల్ మీద ఒక్కోళ్ళకి టిఫిన్ బాక్సంత డబ్బా, మానిటర్, కీబోర్డు, అంతే సార్ అన్నాడు. కొటేషన్లో "సాఫ్ట్‌వేర్‌తో సహా" అని ఉంది. పెట్టాడు, నిజంగానే బ్రహ్మాండంగా పనిచేసింది, నాలుగు నెలలు. సరిగ్గా నాలుగు నెలలే. ఫీజులు కట్టే సీజన్లో ఒక సోమవారం పొద్దున్నే కౌంటర్ ముందు లైను వంద మంది, లోపల ఒక్కళ్ళకీ లాగిన్ అవ్వట్లేదు. రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్స్ సర్వర్ దొరకలేదు అని ఒక మెసేజ్ వచ్చి మూసుకుపోతుంది.

సంగతేంటంటే విండోస్ సర్వర్లో ఈ రిమోట్ డెస్క్‌టాప్ రోల్ (సర్వర్ స్క్రీన్‌ని దూరం నుంచి చాలామంది వాడుకోనిచ్చేది) వేసుకుంటే 120 రోజులు లైసెన్స్ అడక్కుండా నడవనిస్తుంది. ఆ తర్వాత ఒక్కో మనిషికో, ఒక్కో డబ్బాకో విడిగా ఆర్‌డీఎస్ క్యాల్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడుకునే లైసెన్స్) అని కొనాలి, అది మామూలు సర్వర్ క్యాల్ కాదు, దానికి అదనం. మావాడు అవి కొననేలేదు. ఫోన్ చేస్తే "ఏం పర్లేదు సార్, రిజిస్ట్రీలో ఒక కీ తీసేస్తే మళ్ళీ 120 రోజులు వస్తాయి, నేనొచ్చి చేస్తా" అన్నాడు. అంటే నాలుగు నెలలకోసారి తద్దినం పెట్టుకోమని అన్నమాట! కాలేజీ పేరు మీద అలాంటి పని నేను చెయ్యనని చెప్పేసా. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, కొటేషన్ తీసుకున్నప్పుడు క్యాల్స్ ఎన్ని, పర్ యూజరా పర్ డివైసా అని ఒక్క లైను రాయించుకోకపోవడం మా బుద్ధి తక్కువ.

సరే, ల్యాబుకి వద్దాం. ఎల్‌టీఎస్‌పీ అంటే లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్. 1999 నుంచీ ఉన్న పేరే, పైసా ఖర్చు లేదు, డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) లో ఆప్ట్ ఇన్‌స్టాల్ అనే కమాండ్ కొడితే వచ్చేస్తుంది. అయితే పాత ఆర్టికల్స్ చదివి మొదలుపెట్టారో బుక్కైపోతారు, నేను అయ్యా. 2019లో దీన్ని మొత్తం మొదటి నుంచీ తిరగరాసారు. ముందు నిజంగానే సర్వర్ మీద ప్రోగ్రామ్ నడిచి బొమ్మ మాత్రం మన టేబుల్ మీదకి వచ్చేది. ఇప్పుడు పీసీ ఆన్ చెయ్యగానే నెట్‌వర్క్ లోంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్ (మొత్తం సిస్టమ్‌ని ఒక్క ఫైలుగా చేసిన కాపీ) తెచ్చుకుంటుంది, ఆ తర్వాత ప్రాసెసర్, ర్యామ్ అన్నీ ఆ పీసీవే, లేనిది హార్డ్ డిస్క్ ఒక్కటే. పేరులో టెర్మినల్ ఉంది కదా అని సర్వర్‌కి 128 జీబీ ర్యామ్ వెయ్యక్కర్లేదు, అలాగే 1 జీబీ ర్యామ్ ఉన్న ముసలి పీసీ దీంతో కుర్రదైపోదు కూడా. మా అనుభవంలో 2 జీబీకి డెస్క్‌టాప్ వరకూ పర్లేదు, బ్రౌజర్ తెరిచి నాలుగు ట్యాబులు పెడితే 4 ఉండాల్సిందే. కాబట్టి చనిపోయిన పీసీల్లోంచి ర్యామ్ పీకి బతికున్నవాటికి వేసా, అదే అసలు వైద్యం.

పెట్టడం మాత్రం నేను అనుకున్నంత కష్టం కాదు. మా సర్వర్ అంటే అసెంబుల్ చేయించిన ఐ5, 32 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ డిస్క్, అంతే. డెబియన్ 12 వేసి, మాటే డెస్క్‌టాప్ పెట్టి, పిల్లలకి కావాల్సిన పైథాన్, జీసీసీ, మరియాడీబీ, లిబ్రెఆఫీస్ అన్నీ సర్వర్ మీదే ఇన్‌స్టాల్ చేసి, ఆ సర్వర్నే ఇమేజ్‌గా మార్చే కమాండ్ ఒకటుంది అది కొట్టా. ఇక సర్వర్లో ఏముంటే 24 పీసీల్లో అదే. ఇంకోటి నాకు బాగా నచ్చింది, మన రౌటర్ డీహెచ్‌సీపీని (పీసీలకి అడ్రసులు పంచే పని) ముట్టుకోదు, ఐపీ అడ్రసులు రౌటరే ఇస్తుంది, ఎక్కడ్నుంచి బూట్ అవ్వాలో మాత్రం సర్వర్ పక్కనుంచి చెప్తుంది. లేకపోతే ప్రిన్సిపాల్ గారి రూములో వైఫై పోయి నా పని అయిపోయేది.

మొదటిరోజు మాత్రం పరువు పోయింది. ఒక్కో పీసీ విడిగా బూట్ చేస్తే నిమిషంన్నరలో లాగిన్ స్క్రీన్, ఆహా అనుకున్నా, బ్యాచ్ వచ్చి 24 ఒకేసారి ఆన్ చేసారు, ఎనిమిది నిమిషాలు నల్ల స్క్రీన్. "సార్, పాతవే బాగున్నాయి" అని ఒకడు. సర్వర్లో లోడు చూస్తే అసలేం లేదు, ఖాళీగా కూర్చుంది. చివరికి చూస్తే బెంచీ కింద ఎప్పుడో కొన్న 100 ఎంబీపీఎస్ నెట్‌వర్క్ స్విచ్చి! ఇంత ఇమేజూ 24 మందికీ ఆ సన్న గొట్టంలోంచే వెళ్ళాలి. దాన్ని తీసేసి పదింతల వేగం ఉండే గిగాబిట్ స్విచ్ పెట్టా, సర్వర్ దగ్గర కేబుల్ కొత్తది వేసా, అందరూ ఒకేసారి ఆన్ చేసినా రెండు రెండున్నర నిమిషాలు. కొన్ని పాత మదర్‌బోర్డుల్లో ల్యాన్ కార్డే 100 ఎంబీపీఎస్, గిగాబిట్ సర్వర్‌తో అవి కలిసి ఉన్నప్పుడు ఫ్లో కంట్రోల్ (స్పీడు తక్కువున్నవాటి కోసం పంపేవాణ్ణి ఆగమనే సెట్టింగ్) ఆపాలని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, అది చేసాక మిగతావాటికి కూడా హాయి. నన్నడిగితే బడ్జెట్లో మొదట రాయాల్సింది స్విచ్చి, తర్వాత యూపీఎస్, సర్వరు మూడోది.

ఇంకో దెబ్బ జూలైలో తగిలింది. ఫస్టియర్ పిల్లలు 60 మందికి సర్వర్లో యూజర్లు క్రియేట్ చేసా, పేపర్ మీద పాస్‌వర్డులు ప్రింట్ తీసి చీటీలు పంచా, ఒక్కడికీ లాగిన్ అవ్వట్లేదు. సీనియర్లకి అవుతుంది, వీళ్ళకి అవ్వదు. గంటసేపు కీబోర్డులు మార్చా, క్యాప్స్ లాక్ చూసా, చీటీల్లో సున్నానా ఓనా అని చూసా. తీరా చూస్తే కొత్త యూజర్లని చేర్చినా, సెట్టింగ్స్ ఫైలు మార్చినా "ఎల్‌టీఎస్‌పీ ఇనిట్‌ఆర్‌డీ" అనే కమాండ్ మళ్ళీ కొట్టాలట. అది కొట్టి పీసీలు రీస్టార్ట్ చేస్తే అందరూ లోపల. ఇప్పుడు ఆ కమాండ్ స్కెచ్ పెన్నుతో రాసి సర్వర్ మీద అతికించా. దానికింద ఇంకోటి, సాఫ్ట్‌వేర్ కొత్తది వేస్తే ఇమేజ్ కమాండ్ మళ్ళీ కొట్టాలి, అది మాత్రం సాయంత్రం పిల్లలు వెళ్ళాకే పెట్టుకుంటా.

దీంతోపాటు ఎపోప్టెస్ అని ఒకటి వేసుకోండి, ల్యాబ్ నడిపేవాళ్ళకి నిజంగా వరం. నా టేబుల్ మీంచి 24 స్క్రీన్లూ చిన్న చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి, అందరి స్క్రీనూ ఒకేసారి లాక్ చెయ్యొచ్చు, నా స్క్రీన్ అందరికీ చూపించొచ్చు, ల్యాబ్ అయ్యాక ఒక్క క్లిక్‌తో అన్నీ షట్‌డౌన్. వెనక బెంచీలో క్రికెట్ స్కోరు చూసేవాడికి లేచి వెళ్ళకుండానే స్క్రీన్ మీద మెసేజ్ పంపా ఒకసారి, వాడి మొహం చూడాలి.

ఇక ఆఫీసు డబ్బాల సంగతి. అవి మరీ చిన్నవి, ఎల్‌టీఎస్‌పీ ఇమేజ్ మొయ్యలేవు, వాటికి నిజమైన రిమోట్ డెస్క్‌టాపే కావాలి. అందుకే పాత విండోస్ సర్వర్ పెట్టె మీదే లైనక్స్ వేసి ఎక్స్‌ఆర్‌డీపీ పెట్టా, అది లైనక్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్. డబ్బాల్లో ఉన్న ఆర్‌డీపీ క్లయింట్ (రిమోట్ డెస్క్‌టాప్‌కి కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్) అలాగే ఉంటుంది, అటువైపు విండోస్ ఉందో లైనక్స్ ఉందో దానికి పట్టింపు లేదు. ఇది పనిచేస్తుంది కానీ చిరాకులు ఎక్కువ. బరువైన డెస్క్‌టాప్ పెడితే నల్ల స్క్రీన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ పెడితే దారికొచ్చింది. లాగిన్ అవ్వగానే కలర్ డివైసుకి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వమని ఒక బాక్స్ వచ్చేది, మా అకౌంటెంట్ మేడం గారు రోజూ అందులో తన పాస్‌వర్డే కొట్టి "ఇది తప్పంటుందండీ" అని నన్ను పిలిచేవారు, పోల్‌కిట్‌లో (లైనక్స్‌లో పర్మిషన్లు చూసేది) ఒక రూల్ రాస్తే పోయింది. సర్వర్ ముందు కూర్చుని ఒక పేరుతో లాగిన్ అయ్యి ఉండగా అదే పేరుతో బయటనుంచి ఎక్కితే స్క్రీన్ ఖాళీగా ఉండిపోతుంది, అడ్మిన్‌కి వేరే యూజర్ పెట్టుకోండి.

ఆఫీసులో ఎవ్వరూ లాగౌట్ కొట్టరు, స్క్రీన్ మీద రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసేసి ఇంటికెళ్ళిపోతారు. వాళ్ళ సెషన్ మాత్రం సర్వర్లో అలాగే నడుస్తూ ఉంటుంది, బ్రౌజర్‌తో సహా. వారం తిరిగేసరికి పది మంది ఆఫీసులో ర్యామ్ మొత్తం నిండిపోయి గురువారం సాయంత్రానికి మౌస్ కదలడం మానేసింది. ఎక్స్‌ఆర్‌డీపీలో సెషన్లు చూసుకునే సెస్‌మాన్ సెట్టింగ్స్‌లో డిస్‌కనెక్ట్ అయిన సెషన్లని కొంత టైమయ్యాక చంపెయ్యి అని పెట్టొచ్చు, నేను రెండు గంటలు పెట్టా. సేవ్ చెయ్యని లెటర్ పోయిందని ఒకాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఏం చేస్తాం. వీడియోలు కూడా ఇందులో చూడకండి, ముక్కలు ముక్కలుగా వస్తాయి. ల్యాబులో ఆ గొడవ లేదు, అక్కడ బ్రౌజర్ పీసీలోనే నడుస్తుంది కాబట్టి యూట్యూబ్ శుభ్రంగా వస్తుంది.

తెలుగు టైపింగ్ గురించి అడుగుతారు కాబట్టి, యూనికోడ్‌కి ఇబ్బంది లేదు, లైనక్స్ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఫోన్లో కొట్టినట్టు ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టేది కూడా ఉంది. కానీ ఇరవయ్యేళ్ళుగా యూనికోడ్ కాని అను ఫాంట్లతో పేజ్‌మేకర్లో క్వశ్చన్ పేపర్లు కొట్టే మా టైపిస్టు గారిని మార్చడం నావల్ల కాలేదు. టాలీ కూడా విండోసే అడుగుతుంది. కాబట్టి ఆఫీసులో రెండు విండోస్ పీసీలు ఉంచేసా, అవి మంచివి, 11 ఎక్కింది.

మార్కులంటారా, ల్యాబుకి ఎల్‌టీఎస్‌పీ ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు కోసానంటే ఆ ఇనిట్‌ఆర్‌డీ సంగతి లాగిన్ స్క్రీన్ మీద ఎక్కడా చెప్పదు. ఆఫీసుకి ఎక్స్‌ఆర్‌డీపీ మూడు, అది కూడా ఉచితం కాబట్టి. పూర్తిగా విండోస్ మీదే నడిచే ఆఫీసైతే ఇవన్నీ ఎందుకు, క్యాల్స్ డబ్బులు కట్టి దర్జాగా అదే పెట్టుకోండి.

కరెంటు విషయం మర్చిపోయా. మా అటెండర్ బాబాయ్‌కి సాయంత్రం ఐదింటికి ల్యాబ్ మెయిన్ దించేసి తాళం వెయ్యడం అలవాటు. ముందు దానికోసం రోజూ గొడవే, ఎవరో ఒకరి సిస్టమ్ ఆన్‌లో ఉండేది. ఇప్పుడు పీసీల్లో డిస్కే లేదు కాబట్టి పోయేదేం లేదు, దించుకో బాబాయ్ అన్నా. ఒక శనివారం ఆయన సర్వర్ యూపీఎస్‌కి వెళ్ళే లైను కూడా దించేసాడు, బ్యాటరీ ఎంతసేపు లాగిందో ఏమో, సోమవారం పొద్దున 24 స్క్రీన్ల మీదా ఒకటే మెసేజ్, బూట్ అవ్వడానికి ఏమీ దొరకలేదు అని. ఇప్పుడు ఆ స్విచ్చి మీద ఎర్ర టేపు వేసి ఉంది.