ఆసుపత్రిలో రెండేళ్లు వాడాక పిల్లల ఇయర్‌మఫ్‌ల గురించి

చెవులను కప్పి శబ్దాన్ని తగ్గించే పిల్లల ఇయర్‌మఫ్‌ల గురించి మూడు నెలలు వాడిన వెంటనే రాసి ఉంటే, ఈ సమీక్ష పొగడ్తలతోనే నిండిపోయేది. ఇప్పుడు రెండేళ్లయింది. ప్రతి నెలా ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు సంచీలో అన్నిటికంటే పైన పెట్టుకునే వస్తువు ఇప్పటికీ అదే. అయినా, దాని వల్ల మా అబ్బాయి ఒక రోజు ఎంత భయపడ్డాడో చెప్పకుండా దాన్ని ఎవరికీ సిఫారసు చేయలేను.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. పెద్ద శబ్దాన్నీ, చెప్పకుండా తాకడాన్నీ తట్టుకోలేడు. నెలకు ఒకసారి నాలుగైదు గంటలపాటు మంచం మీద ఉండి నరం ద్వారా మందు ఎక్కించుకోవాలి. ఇంద్రియ స్పందనల్లోని ఈ తేడాలను ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లో చేర్చింది 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే నిర్ధారణ పుస్తకం ఐదో కూర్పు. అది వచ్చి ఇన్నేళ్లయినా, "కాస్త సముదాయించండమ్మా, వాడే అలవాటు పడతాడు" అన్న మాట వార్డులో నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. అది మొండితనం కాదని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇయర్‌మఫ్‌లు కొనక ముందు మా కష్టమంతా మందు పంపు అలారంతోనే. వాడికి సూది పెట్టేది మోచేతి మడత దగ్గర. పక్క మంచం పంపు మోగగానే వాడు రెండు చేతులతో చెవులు మూసుకునేవాడు. మోచేయి మడవగానే గొట్టంలో మందు ఆగిపోయి వాడి పంపు కూడా మోగేది. ఆ మోతకు చేతులు ఇంకా గట్టిగా బిగించేవాడు, పంపు ఇంకా మోగేది. నేను చేయి చాపమని బతిమాలుతూ ఉండగా నర్సు వచ్చి మోత ఆపేది. ఒక్కో పూట ఇలా ఆరేడుసార్లు జరిగేది. వైద్య పరికరాల అలారాలకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం మధ్యస్థమైన హెచ్చరికకు మూడు మోతలు, అత్యవసర హెచ్చరికకు పది మోతలు ఉండాలి. పెద్దవాళ్లం మూడు మోతలు విని ఊరుకుంటాం, మా వాడికి మాత్రం అవి మూడు దెబ్బల్లాగే తగిలేవి.

ఇయర్‌మఫ్‌లు పెట్టిన మొదటి రోజు పక్క పంపు మోగింది. వాడు తలెత్తి అటు చూశాడు, మళ్లీ బొమ్మల పుస్తకంలోకి తల దించాడు, చేయి మాత్రం చాపినది చాపినట్టే ఉంది. ఆ చాపిన చేతిని చూస్తూ నేను ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. మోత పూర్తిగా వినపడకపోవడం కాదు, దానిలోని పదును పోవడమే వాడికి చాలింది. ఈ కప్పులు సన్నని, కీచుమనే శబ్దాలను బాగా తగ్గిస్తాయి, బొంగురు శబ్దాలను అంతగా తగ్గించలేవు. అందుకే మంచాలు లాగే శబ్దం, తలుపు ధడాలున పడే శబ్దం కొంత లోపలికి వస్తూనే ఉంటాయి. మాటల్లో కూడా స, ష, త వంటి హల్లులు అరిగిపోయి, గొంతు వినిపిస్తుంది గానీ ఏమన్నారో సరిగా తెలియదు. మొదట్లో ఇది నాకు లోపంగా తోచలేదు.

పదకొండో నెలలో తెలిసింది. మందు మొదలైన తొలి గంటలో 15 నిమిషాలకు ఒకసారి రక్తపోటు చూస్తారు. చేతికి చుట్టిన పట్టీని యంత్రమే సమయానికి ఉబ్బించి, బిగించి, వదిలేస్తుంది. అంతకు ముందు నెలల్లో ఆ గంట గడిచాకే ఇయర్‌మఫ్‌లు పెట్టేదాన్ని. ఆ రోజు వార్డు కిక్కిరిసి ఉంది, పిల్లల ఏడుపులు ఎక్కువగా ఉన్నాయి, అందుకని మంచం ఎక్కిన వెంటనే పెట్టేశాను. వాడు హాయిగా పడుకున్నాడు. మొదటిసారి పట్టీ బిగుసుకోగానే వాడు వేసిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చేయి విదిలించాడు. చేయి కదిలితే కొలత అందక ఆ యంత్రం మళ్లీ, ఈసారి ఇంకా గట్టిగా బిగిస్తుంది. సరిగ్గా అదే జరిగింది. రెండో చేత్తో పట్టీని పీకబోయి తీగనూ గొట్టాన్నీ కలిపి లాగేశాడు, సూది ఊడి వచ్చింది, దుప్పటి మీద రక్తం పడింది. సూది తిరిగి పెట్టాలంటే నొప్పి తెలియకుండా చేసే క్రీమ్ రాసి, అది పట్టే దాకా మళ్లీ గంట ఆగాలి. ఆ గంటంతా వాడు మంచం మూలకు జరిగి, ముడుచుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నన్ను కూడా.

పట్టీ కొలత సరిపోలేదేమో అనుకున్నాను, నర్సు గట్టిగా చుట్టిందేమో అనుకున్నాను. ఆ రాత్రి పడుకోబోయే ముందు వాడే అన్నాడు: "అమ్మా, మిషన్ చెప్పలేదు." అప్పుడు గుర్తొచ్చింది. పట్టీ బిగుసుకోవడానికి ముందు ఆ యంత్రంలోని చిన్న మోటారు గుర్రుమంటుంది. అంతకు ముందు నెలల్లో ఆ చప్పుడు వినగానే వాడు పళ్లు బిగించి, కళ్లు మూసుకుని, ఒకటి రెండు లెక్కపెట్టుకునేవాడు. అది వాడి అలవాట్లలో ఒకటనుకుని వదిలేశాను. నిజానికి వాడు ఆ చప్పుడు ఆసరాతోనే ఆ పిసుకుడికి సిద్ధపడుతున్నాడు. భయపెట్టే శబ్దాలతోపాటు ఆ ఆసరాను కూడా నేనే తీసేశాను.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాం. డాక్టర్ గారితో మాట్లాడితే రక్తపోటు యంత్రాన్ని దానంతటది పనిచేసే అమరికలో ఉంచకుండా, సమయానికి నర్సు వచ్చి మీట నొక్కడానికి ఒప్పుకున్నారు. నర్సు ముందు వాడికి ఎదురుగా నిలబడి అరచేయి చూపిస్తుంది, వాడు తలూపుతాడు, నేను వాడి భుజాన్ని నిండుగా, గట్టిగా పట్టుకుంటాను, అప్పుడు మీట నొక్కుతారు. తేలికగా, అంటీ అంటనట్టు తాకితే వాడు ఉలిక్కిపడతాడు, నిండైన ఒత్తిడిని ఓర్చుకుంటాడు. "నాకు వినపడదు. ముందు చూపించండి, తర్వాత తాకండి" అని పెద్ద అక్షరాలతో రాసిన అట్టను మంచం కాళ్ల వైపు కడుతున్నాను. చదివి పాటించే వాళ్లు ఎక్కువ మందే, హడావిడిలో చూడకుండా వచ్చేవాళ్లు కొందరు ఎప్పుడూ ఉంటారు. అందువల్ల ఇయర్‌మఫ్‌లు పెట్టాక నేను మంచం పక్కనుంచి లేవలేను. పెట్టేసి కాసేపు విశ్రాంతి తీసుకోవచ్చని మొదట్లో తోటి తల్లులకు చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పుడు చెప్పడం లేదు.

ఎంఆర్ఐకి ఇవి పనికిరాలేదు. మా జత తలపట్టీలో ఉక్కు రేకు ఉంది, అయస్కాంతం ఉన్న గదిలోకి దాన్ని రానివ్వరు. ఆ యంత్రం మోత తరచుగా 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి ఎవరికైనా చెవులకు రక్షణ ఇస్తారు. అక్కడ ఇచ్చిన స్పాంజి బిరడాలను వాడు చెవిలో పెట్టనివ్వలేదు, చివరికి మత్తు ఇచ్చి స్కాన్ తీయవలసి వచ్చింది. ముందే అడిగి తెలుసుకుని ఉంటే, ఆ బిరడాలను నెల రోజులు ఇంట్లో అలవాటు చేయడానికి ప్రయత్నించేదాన్ని.

ఇంకొక విషయం. మధ్యలో కొన్ని వారాలు వాడు ఇంట్లో కూడా వీటిని తీయనివ్వలేదు, చివరికి కుళాయి శబ్దానికి కూడా వాటికోసం చేయి చాచేవాడు. ఎప్పుడూ పెట్టుకునే ఉంటే చెవి మామూలు శబ్దాలను కూడా ఓర్చుకోలేకపోతుందని రోజువారీ పనులు చేసుకోవడంలో వాడికి శిక్షణ ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు హెచ్చరించారు. ఇప్పుడు మందు ఎక్కే గంటల్లో, అదీ అలారాలు మోగే వేళల్లోనే పెడుతున్నాం.

మళ్లీ కొంటారా అంటే కొంటాను. వాడి తల పెరిగింది కాబట్టి ఈ నెలలోనే కొత్త జత కొనాలి. కానీ మా వాడు తల మీద బిగుతును ఓర్చుకునే పిల్లవాడు, పక్కనే కూర్చోవడానికి నాకు వీలుంది, మా వార్డులో చెప్పింది వినే నర్సులు దొరికారు. తలను ఏమీ తాకనివ్వని పాపకో, శబ్దాన్ని వెతుక్కుంటూ వెళ్లే బాబుకో ఇవి ఎలా ఉంటాయో నా అనుభవం నుంచి చెప్పలేను. కొనే ముందు ఒక పూట ఇయర్‌మఫ్‌లు లేకుండా మీ పిల్లల మంచం పక్కన కూర్చుని, వాళ్లు ఏ చప్పుడుకు ముందుగా కళ్లు మూసుకుంటున్నారో, ఏ చప్పుడుకు చేయి బిగిస్తున్నారో రాసిపెట్టుకోండి. నేను ఆ పని పదకొండు నెలలు ఆలస్యంగా చేశాను.