చేప నూనె మాత్రా, చేపల పులుసా, అవిసె గింజలా: ఒమేగా-3కి ఏది మేలు?

లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకుని టెన్షన్ పడుతున్న ప్రతివాళ్లూ ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే. చేప నూనె మాత్రలు మొదలుపెట్టాలా, వారానికి రెండుసార్లు చేప తింటే చాలా, చేప ముట్టనివాళ్లకి అవిసె గింజలతో అదే లాభం వస్తుందా అని. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒమేగా-3, గుండెకి మంచిదని చెప్పుకునే ఒక రకం కొవ్వు. నేనూ దాదాపు ఏడాది మాత్రలు వాడి మానేశాను. ఎందుకు మానేశానో, ఎవరిని మాత్రం మానొద్దంటానో చెబుతాను.

ముందు మాత్రల సంగతి. డబ్బా మీద 1000 మి.గ్రా. అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది మొత్తం చేప నూనె బరువు. డబ్బా వెనక్కి తిప్పి చూడండి, మామూలు రకాల్లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని కనిపిస్తుంది. మనకి పనికొచ్చే ఒమేగా-3 రకాలు ఆ రెండే, కలిపితే 300. మిగతా 700 మామూలు కొవ్వు. కాబట్టి రెండు డబ్బాల ధరలు పోల్చేటప్పుడు మాత్రల లెక్క కాకుండా ఈ రెండు అంకెల మొత్తాన్ని చూసుకోవాలి. ఇంకోటి వాసన. ఈ నూనె గాలికీ వేడికీ త్వరగా చెడిపోతుంది. ఒక మాత్రని కత్తెరతో కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకోండి. లీలగా చేప వాసన వస్తే సరే. గత ఎండాకాలం నాకు కొరియర్‌లో వచ్చిన డబ్బాలో మాత్ర కోస్తే పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు గుప్పుమంది, డబ్బా మొత్తం పారేశాను. నిమ్మ వాసన కలిపిన రకాల్లో ఈ తేడా కనిపెట్టడం కూడా కష్టం.

ఇక చేపల దగ్గరికొస్తే, అసలు విషయమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం: మీరు తినే చేప ఏది? "మేం వారం వారం చేపలు తింటాం కదా" అనేవాళ్లని ఏ చేప అని అడిగితే నూటికి తొంభై మంది బొచ్చె, రవ్వ అనే చెబుతారు. హైదరాబాద్‌లో ఐస్ పెట్టెల్లో దిగేది ఎక్కువగా అవే, గోదావరి జిల్లాల నుంచీ కొల్లేరు వైపు నుంచీ వచ్చే చెరువు చేపలు. మాంసకృత్తులకి అవి మంచివే, కాదనను. కానీ చేప తనంతట తాను ఒమేగా-3 పెద్దగా తయారుచేసుకోదు. సముద్రంలో కంటికి కనిపించని నాచు దాన్ని తయారుచేస్తే, ఆ నాచుని చిన్న చిన్న జీవులు తింటాయి, వాటిని కవళ్ల లాంటి చిన్న చేపలు తింటాయి, అలా పైకి వస్తుంది. చెరువులో తవుడు, నూనె తీసిన చెక్క తిని పెరిగిన చేపలో ఎక్కువగా చేరేది ఆ మేతలో ఉన్నదే. అందుకే బొచ్చె కూర తిని ఒమేగా-3 అందిందనుకోవడం సరికాదు.

కావాల్సినవి సముద్రపు చిన్న చేపలు: కవళ్లు, కానగంతలు, నెత్తళ్లు. కవళ్లలో కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులుంటాయి కానీ 100 గ్రాములకి సుమారు ఒక గ్రాము ఈపీఏ, డీహెచ్‌ఏ అనుకోవచ్చు. అంటే వారానికి రెండు పూటలు వంద గ్రాముల చొప్పున తింటే రెండు గ్రాములు. రోజుకో మామూలు మాత్ర వేసుకుంటే వారానికి వచ్చేది కూడా 2.1 గ్రాములే. లెక్క సమానం, చేపతో పాటు మాంసకృత్తులు, ముల్లుతో నమిలేస్తే కాల్షియం అదనం. పైగా వంజరం, చందువతో పోలిస్తే ఇవి ఎంతో చవక. కానగంత అయితే అచ్చంగా మన విశాఖ చేప. ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1803లో విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో ఇక్కడివాళ్లు పిలిచే పేరే రాసుకున్నాడు, చివరికి శాస్త్రీయ నామంలో కూడా అదే నిలిచింది, రాస్ట్రెల్లిజర్ కనగుర్త అని.

వండే తీరు కూడా చూసుకోవాలి. కవళ్లని నూనెలో మునిగేలా వేయిస్తే చేపలోని కొవ్వు కొంత మూకుడులోకి పోతుంది, మూకుడులోని నూనె చేపలోకి చేరుతుంది. పులుసు అలా కాదు. మట్టి దాకలో చింతపండు పులుసు మరిగాక కవళ్లు వేసి, గరిటె పెట్టకుండా దాకనే అటూ ఇటూ తిప్పి దించేస్తే, చల్లారాక పైన సన్నగా ఎర్రటి నూనె తెట్టు కడుతుంది. అందులో మనం పోసిన నూనెతో పాటు చేప వదిలిన కొవ్వు కూడా ఉంటుంది, అన్నంలో కలుపుకుంటే ఏదీ పోదు. రాత్రి వండి పొద్దున తింటే ఆ రుచి వేరు.

ఇప్పుడు ఒమేగా-6 గొడవ. ఇది కొన్ని వంటనూనెల్లో ఎక్కువగా ఉండే మరో రకం కొవ్వు. నలుగురున్న ఇంట్లో నెలకి మూడు లీటర్ల పొద్దుతిరుగుడు నూనె అవుతుందనుకుంటే మనిషికి రోజుకి 23 గ్రాములు, అందులో సుమారు 60 శాతం ఒమేగా-6, అంటే 14 గ్రాముల దాకా. ఒమేగా-3 దాదాపు లేనట్టే. అదే వేరుశనగ నూనె అయితే ఒమేగా-6 సగానికి తగ్గుతుంది. అలాగని ఒమేగా-6 విషమని ప్రచారం చేసేవాళ్ల మాట నేను నమ్మను. అది కూడా ఒంటికి తప్పనిసరే, నెయ్యి, డాల్డా బదులు వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఒమేగా-6కీ ఒమేగా-3కీ మధ్య నిష్పత్తి అంకెల వెంటపడి నూనె మానేసి నెయ్యి పెంచుకోవడం కంటే ఒమేగా-3 వైపు పెంచుకోవడం మేలు. ఒకే నూనెకి కట్టుబడకుండా మార్చి మార్చి వాడమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మాట ఇక్కడ బాగా పనికొస్తుంది.

మాత్రలు దండగ అని అందరికీ చెప్పను. 25,871 మంది మీద అమెరికాలో చేసిన వైటల్ పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. రోజుకో గ్రాము చేప నూనె మాత్ర వేసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేపలు తక్కువ తినేవాళ్లలో మాత్రం కొంత లాభం కనిపించింది. నాకు తేల్చి చెప్పింది ఈ ముక్కే: చేప తినేవాడికి మాత్రతో కొత్తగా ఒరిగేది తక్కువ. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) బాగా ఎక్కువున్నవాళ్లకి డాక్టర్లు రాసే రోజుకి నాలుగు గ్రాముల మోతాదు మందు కిందే లెక్క. అది రాసిస్తే మానొద్దు, సొంతంగా మొదలుపెట్టొద్దు కూడా, ఎందుకంటే ఆ మోతాదులో గుండె లయ తప్పే సమస్య పెరుగుతున్నట్టు పరీక్షల్లో తేలింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మామూలు మాత్రలకి కూడా ముందు అడగాలి.

శాకాహారులకి అవిసె గింజలు మంచివే, ఒక పెద్ద చెంచా (టేబుల్ స్పూన్) పొడిలో గ్రామున్నర దాకా ఒమేగా-3 ఉంటుంది. అయితే అది ఏఎల్ఏ అనే రకం, ఒంట్లో ఈపీఏగా మారేది నూటికి కొద్ది పాళ్లు, డీహెచ్‌ఏగా మారేది ఇంకా తక్కువ. ఒమేగా-6 కూడా ఈ మార్పు చేసే ఎంజైముల కోసమే పోటీ పడుతుంది కాబట్టి నూనె మార్చుకోవాల్సిన అవసరం మాంసాహారుల కంటే శాకాహారులకే ఎక్కువ. గింజలు అలాగే మింగితే అరగకుండా పోతాయి, దోరగా వేయించి వారానికి సరిపడా పొడి కొట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. గర్భిణులకీ, నేరుగా డీహెచ్‌ఏ కావాలనుకునే శాకాహారులకీ నాచు నుంచి తీసిన నూనె మాత్రలున్నాయి, ఖరీదు ఎక్కువే అయినా వాళ్లకి నేను చెప్పేది అవే.

కాడ్ లివర్ ఆయిల్ (కాడ్ చేప కాలేయం నుంచి తీసే నూనె) వేరు, అందులో విటమిన్ ఏ ఎక్కువ, గర్భిణులు దాని జోలికి పోకూడదు. క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న సముద్ర జీవుల నుంచి తీసే క్రిల్ ఆయిల్‌కి అంత డబ్బు పెట్టక్కర్లేదు.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం కవళ్లో కానగంతలో, వారం మధ్యలో ఒకసారి నెత్తళ్లు, వేపుళ్లకి వేరుశనగ నూనె. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు తాజా సముద్రపు చేప దొరకడం కష్టం. అప్పుడు ఎండు నెత్తళ్లు రెండు మూడు నీళ్లలో బాగా కడిగి, ఉప్పు వదిలాక వంకాయతో వండుతున్నాం. బీపీ ఉన్న అమ్మకి మాత్రం అవి పెట్టకుండా ఆ రెండు నెలలకీ చిన్న డబ్బా మాత్రలు తెస్తున్నాను, అది కూడా కొట్లోనే తేదీ చూసుకుని.